ఎర్ర మాత్ర, వెంటనే ఒక టీ

"రాత్రి ఎనిమిదింటికి పడుకుంటే మళ్లీ తెల్లారి అయిదింటికే లేవడమండి. మధ్యలో మా ఆయన పిలిచినా తెలీదు. అయినా సరే, లేచేసరికి అసలు పడుకోనట్టే ఉంటుందండి మేడం గారూ."

ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను ఏఎన్ఎంగా పనిచేశాను. కాగితాల మీద ఆ పేరు, ఊళ్లో అయితే నర్సమ్మ. టీకాలు, కాన్పులు, మాత్రలు, రిజిస్టర్లు, ఈమధ్య వాటికి తోడు ఫోన్లో ఫోటోలు. కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవం ఏదైనా చెప్పండి మేడం" అంటుంటారు. వాళ్లకు కావలసింది ఘనకార్యాలు. నా దగ్గర ఘనకార్యం ఒక్కటే ఉంది. దానికి ఏలూరు మీటింగులో చప్పట్లు కొట్టారు. తరువాత అదే హాల్లో, ఆ చప్పట్లు కొట్టినవాళ్ల ముందే నిలబడి, "అది తప్పండి" అని నేనే చెప్పుకోవలసి వచ్చింది. అడిగిన పాపానికి అదే వినిపిస్తాను.

నా చివరి పోస్టింగు ఉంగుటూరు నుంచి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఒక ఊరు. ఇవతల వరిచేలు, అవతల చేపల చెరువులు, ఇంకా పోతే కొల్లేరు. గూడెంలో బస్సెక్కి ఉంగుటూరులో దిగి ఆటో పట్టుకోవాలి. బస్సెక్కిన అయిదు నిమిషాలకే నాకు కునుకు పట్టేది. రాత్రి నిండా నిద్రపోయి వచ్చినా అంతే. ఉంగుటూరులో దిగాల్సినదాన్ని నెలకు రెండుసార్లయినా భీమడోలులో తేలేదాన్ని. చివరికి కండక్టరుకే జాలేసి, "మేడం గారూ, మీ ఊరొచ్చిందండి" అని లేపడం అలవాటు చేసుకున్నాడు. వయసు మీద పడుతోందిలే అనుకునేదాన్ని. దానికి నేను రాసుకున్న మందు టీ. ఇంట్లో రెండు, ఉంగుటూరులో ఒకటి, ఊళ్లో ఎవరింటికి వెళ్తే వాళ్లింట్లో ఒకటి. రోజుకు ఏడో ఎనిమిదో అయ్యేవి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో నా పరువు దీని మీదే పోతుంది.

ఆ ఊరి చివర రొయ్యల షెడ్డు ఉంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు అక్కడ తలలు తీసి, ఐసు పెట్టి, వ్యానుల్లో భీమవరం పంపుతారు. నలభైమంది ఆడవాళ్లు పొడుగాటి స్టీలు బల్లలకు అటూ ఇటూ నిలబడి ఆ పని చేస్తారు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాకా చేతులు చల్లటి నీళ్లలోనే. వాళ్లందరి మీద ఒక మేస్త్రీ. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరి చేతులూ చూస్తుండేవాడు.

ఇందాకటి మాట అన్నది ఆ షెడ్డులో మొదటి బల్ల, మొదటి చోటు మనిషి. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. భర్త చెరువుల్లో పడవ మీద మేత చల్లుతాడు, పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. ఆ చోటంటే షెడ్డులో ఒక హోదా. ఎవరు కొత్తగా వచ్చినా ఆవిడ ఎదురుగా నిలబెట్టి, "ఆ చెయ్యి చూసి నేర్చుకో" అనేవారు. నేనూ చూశాను. రెండు వేళ్లు కదిలేవి, తల ఒకవైపు, రొయ్య ఒకవైపు. అంత సులువా అని ఒకసారి నేనూ ప్రయత్నించి బొటనవేలికి ముల్లు గుచ్చుకున్నాను.

అలాంటి మనిషి నెమ్మదించింది. షెడ్డుకున్న మూడు మెట్లూ ఎక్కడానికి మధ్యలో ఒకసారి ఆగుతోంది. నిలబడే కునుకు తీస్తోంది. పైగా ఇంకో విడ్డూరం, ఐసు నమలడం. ఐసు దిమ్మలు రాగానే, రొయ్యల్లో వేసేలోపు ఒక ముక్క విరిచి, కొంగులో తుడిచి, కరకరా నమిలేసేది.

"ఐసు రొయ్యలకాండి, ఈవిడకాండి?" అని మేస్త్రీ నాకు ఫిర్యాదు చేశాడు.

ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి ఇలాంటి వింత యావ పుడుతుంది. పచ్చి బియ్యం తినేవాళ్లను చూశాను, బలపాలు తినేవాళ్లను చూశాను. రొయ్యల షెడ్డులో కాబట్టి ఈవిడ ఐసు పట్టుకుందన్నమాట. కంటి కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నది లేదు. వేలు గుచ్చి చూస్తే, పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడుంది.

"నీకు తక్కువైంది నిద్ర కాదమ్మా, రక్తం. తొమ్మిది గంటలు కాదు, పందొమ్మిది గంటలు పడుకున్నా ఇంతే. ఎర్ర మాత్రలు వేసుకోవాలి" అన్నాను.

ఆ మాట చెప్పి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు.

ఎర్ర మాత్రలంటే మన ప్రభుత్వం ఊరికే ఇచ్చే ఇనుము మాత్రలు. ఊరికే ఇస్తారు కాబట్టి ఎవరూ వేసుకోరు. వేసుకుంటే వికారం, నోరంతా తుప్పు రుచి, దొడ్డికి నల్లగా అవుతుందన్న భయం. పంచిన మాత్రలు బియ్యం డబ్బాల్లో, దేవుడి గూట్లో, దిండు కింద నాకే మళ్లీ కనిపించేవి. ఒక ఇంట్లో అయితే పిల్లల అష్టాచెమ్మాలో కాయలుగా వాడుతున్నారు. ఎర్ర కాయలన్నీ నావే. ఎదురుగా మింగిస్తే బుగ్గలో పెట్టుకుని, నేను మలుపు తిరిగేదాకా ఉండి, షెడ్డు మెట్ల పక్కన ఉమ్మేసేవారు. మందుపాతరలు వెతికినట్టు ఆ మెట్ల పక్కన నేను వంగి మాత్రలు ఏరిన రోజులున్నాయి.

అప్పుడొచ్చింది నాకా మహత్తరమైన ఆలోచన.

షెడ్డు ఎదురుగా ఒక టీకొట్టు ఉంది. దాన్ని నడిపే సాయిబుగారిది ఏలూరు. పాలు ఎర్రబడేదాకా మరిగించి, డికాక్షన్ చిక్కగా దించి, ఆయన ఇచ్చే టీ తాగితే నాలుక కాసేపు గరగరలాడేది. పదింటికి షెడ్డులో టీ వేళ. నలభైమందీ ఒక్కసారి ఆ కొట్టు మీద పడతారు. నేను సాయిబుగారితో ఒప్పందం చేసుకున్నాను. మాత్ర మింగినవాళ్లకే టీ. ముందు మాత్ర నాలుక మీద పెట్టుకుని ఫోటో దిగాలి, వెంటనే టీతో మింగాలి, ఆపైన నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. అప్పుడూ నేను ఫోటో తీస్తాను.

"మాత్ర లేందే టీ లేదమ్మా. నర్సమ్మగారి ఆర్డరు" అని సాయిబుగారు నాకంటే ఖచ్చితంగా ఉండేవారు. నేను లేని రోజున ఆయనే నోళ్లు చూసేవారు. ఆయన భార్యను కూడా వదల్లేదని తరువాత తెలిసింది.

పథకం బ్రహ్మాండంగా నడిచింది. టీ కోసం ఆడవాళ్లు ఏమైనా మింగుతారని నాకు ముందే తెలుసు, నేనూ ఆడదాన్నే, నాకూ టీ పిచ్చే. మెట్ల పక్కన మాత్రలు మాయమయ్యాయి. రోజూ ఫోటోలు మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నాలుక మీద ఎర్ర మాత్ర, చేతిలో పొగలు కక్కే గ్లాసు, వెనకాల మురిసిపోతున్న సాయిబుగారు. ఏలూరు మీటింగులో ఆ ఫోటో గోడంత చేసి చూపించారు. ఆఫీసరు గారు "దీన్ని అందరూ ఆచరించాలి" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ రోజు కోసం నేను కొత్త వెంకటగిరి చీర కట్టుకెళ్లాను. పథకం పక్క మండలాలకు పాకింది. ఎక్కడో కామవరపుకోట నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "మేడం, మా దగ్గర టీకి బదులు కాఫీ ఇవ్వచ్చాండి?" అని అడిగింది. నేను పెద్ద మనసు చేసుకుని, "ఇవ్వచ్చమ్మా" అన్నాను.

మూడు నెలలయింది. మళ్లీ వేలు గుచ్చాను. ఏడు పాయింట్ ఒకటి.

మూడు నెలల మాత్రలకు పెరిగింది ఒక్క పాయింటులో పదో వంతు. అది నా చేతి వణుకు కూడా కావచ్చు. మిగతావాళ్లలో చాలామందికీ అంతంత మాత్రమే, కానీ వాళ్లకు మొదట్లో ఇంత లోటు లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఈవిడ మాత్రం ఇంకా ఆగి ఆగి మెట్లెక్కుతోంది, ఇంకా ఐసు నములుతోంది. నిద్ర తొమ్మిది గంటల నుంచి పదికి పెరిగింది. అలసటా దాంతోపాటే పెరిగింది.

అప్పటికి మేస్త్రీ ఓపిక అయిపోయింది. "మేడం గారూ, వచ్చే నెల నుంచి పెద్ద లోడ్లండి. మొదటి చోటు నిద్రపోతే బల్లంతా నిద్రపోతుందండి. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తరవాత ఆవిడ ఇంటికాడ పడుకోవచ్చండి, హాయిగా."

ఆవిడకు ఆ చోటు పోవడమంటే పని ఒక్కటే పోవడం కాదు. పక్క బల్లల వాళ్లు అప్పటికే గుసగుసలు మొదలెట్టారు. ఒళ్లు బద్ధకం అని ఒకరు, పిల్లలు హాస్టల్లో ఉంటే ఇంక పనేముంది, అంతా నాటకం అని ఒకరు. ఇన్నాళ్లూ ఆ చెయ్యి చూసి నేర్చుకున్నవాళ్లే.

నేనేం చేయాలి? నా పథకాన్ని ఒకసారి అనుమానించి ఉండాల్సింది. అది చేయలేదు. మనిషిని అనుమానించాను. చప్పట్లు పడ్డ పథకం కదా, అదెలా తప్పవుతుంది? కాబట్టి ఈవిడే ఎక్కడో మాత్ర ఉమ్మేస్తోందని తేల్చుకున్నాను.

ఇక నా గూఢచర్యం వినండి. ఆరోజు మాత్ర మింగించి, ఫోటో తీసి, వెళ్లిపోతున్నట్టు నటించి, షెడ్డు వెనక పేర్చిన థర్మోకోల్ పెట్టెల చాటున కూర్చున్నాను. అక్కడి నుంచి మెట్లూ, కాలవ గట్టూ కనిపిస్తాయి. రొయ్య తలల వాసనకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి. పది నిమిషాలు కూర్చున్నాను. ఆవిడ బయటికి వచ్చి చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, లోపలికి వెళ్లింది. ఏమీ ఉమ్మలేదు. ఇంకో పది నిమిషాలు చూద్దామనుకున్నాను. తరువాతేం జరిగిందో నాకు తెలియదు, ఎందుకంటే నేను నిద్రపోయాను.

లేచేసరికి నా ఒడిలో ఒక కుక్క, నా మీద ఒక పెట్టె, ఎదురుగా ఆవిడ.

"ఏవండీ మేడం గారూ, ఒంట్లో బాలేదాండి? నీళ్లివ్వనాండి?" అంది. అంతలో నా చేతిలో ఫోను, నేను కూర్చున్న చోటు, ఎదురుగా మెట్లు అన్నీ చూసింది. ఆవిడకు అర్థమైంది. మొహం మాడిపోయింది. "నేను ఉమ్మేస్తున్నాననాండి? మేస్త్రీ అంటే అన్నాడండి. ఊళ్లోవాళ్లు అంటే అన్నారు. మీరు కూడానాండి?"

నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. కుక్క కూడా నా ఒడిలోంచి లేచి పోయింది.

మరునాడే ఆవిడను వెంటబెట్టుకుని మా పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. అక్కడి ల్యాబ్ ఆయనకూ నాకూ ఇరవై ఏళ్ల స్నేహం, ఇరవై ఏళ్ల తగువు. అలసట అని ఎవరొచ్చినా ఆయన ముందు థైరాయిడ్ అనేవాడు. నేను ముందు రక్తం అనేదాన్ని. ఇద్దరం టీ పందెం వేసుకునేవాళ్లం. ఈసారి నేను ఓడిపోవాలని కోరుకున్నాను. థైరాయిడ్ బాగుంది. షుగరు లేదు. నులిపురుగుల మందు నేను ముందే ఇచ్చాను. తగ్గింది రక్తమే, ఇనుమే. మరి ఇనుము ఎక్కడికి పోతోంది?

మా డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. నా కూతురికంటే చిన్నది. మాట తక్కువ. ఆవిడను కూర్చోబెట్టి నిదానంగా అన్నీ అడిగింది. నెలసరి ఎన్ని రోజులు ఉంటుంది, ఎంత పోతుంది, కడుపులో నొప్పి ఉందా, రాత్రి గురక పెడతావా, మనసులో దిగులేమైనా ఉందా. నెలసరి ఎక్కువ రోజులు ఉంటోందని అప్పుడు బయటపడింది. మూడు నెలల్లో నేను అడగని ప్రశ్న అది. దానికి మందు రాసి, నా వైపు తిరిగింది.

"మాత్రలు ఎలా ఇస్తున్నారు మేడం?"

ఇదుగో, నా ఘడియ వచ్చిందనుకున్నాను. "మన గ్రూపులో ఉన్నాయి మేడం, రోజూ పెట్టాను" అని ఫోను తెరిచి చేతికిచ్చాను. డాక్టరమ్మ ఒక్కొక్క ఫోటో జరుపుతూ చూసింది. పది చూసింది, ఇరవై చూసింది. తరువాత ఒకదాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసింది. అందరూ నాలుక మీద మాత్రను పెద్దది చేసి చూసేవారు. ఆ అమ్మాయి ఇంకోచోట చేసింది.

"ప్రతి ఫోటోలో ఈ గ్లాసేంటి మేడం?"

"టీ మేడం. మాత్ర టీతోనే మింగిస్తాం. అదే కదా పథకం" అన్నాను గర్వంగా.

"చిక్కటి టీయేనా?"

"సాయిబుగారి టీ అండి. స్పూను నిలబడుతుందండి" అని ఆవిడే చెప్పింది.

డాక్టరమ్మ ఫోను బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "టీలో ఉండే వగరు ఇనుమును పట్టేసుకుంటుంది మేడం. ఒంటికి పట్టాల్సిన దాంట్లో చాలావరకు పట్టకుండానే బయటికి పోతుంది. పాలూ కొంత అడ్డమే. మాత్రకు ముందు ఒక గంట, తరువాత రెండు గంటలు టీ, కాఫీ వద్దని ట్రైనింగులో మీరే కదా మాకు చెప్పారు?"

చెప్పాను. నిజమే. మెడికల్ కాలేజీ నుంచి మా ఊరు చూడ్డానికి వచ్చిన పిల్లల్లో ఈ అమ్మాయి ఉందట. వాళ్లకు వరండాలో నిలబెట్టి పాఠం చెప్పాను. చెప్పి, లోపలికెళ్లి టీ తాగి ఉంటాను. ముప్పై ఏళ్లుగా నోటికొచ్చిన పాఠం, మింగించేయాలన్న తొందరలో, ఫోటో తియ్యాలన్న తొందరలో, నాకే గుర్తు రాలేదు.

పక్కగదిలో ల్యాబ్ ఆయన నవ్వి నవ్వి స్టూలు మీంచి జారిన చప్పుడు వినిపించింది.

నేను తల ఎత్తలేదు. ఆవిడ కాసేపు నన్ను, కాసేపు ఫోనును చూసింది. మెల్లగా అడిగింది.

"అయితే నేను ఉమ్మలేదని ఒప్పుకున్నట్టేనాండి?"

"ఒప్పుకున్నానమ్మా. నువ్వు రోజూ మింగావు. వేస్ట్ చేసింది నేను."

"ఇక్కడ కాదండి. షెడ్డులో ఒప్పుకోండి. మేస్త్రీ గారి ముందండి, అందరి ముందండి."

మరునాడు పదింటికి, టీకి ఇంకా ఎవరూ కదలకముందే, నేను షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఎదురుగా బల్లల దగ్గర నలభైమంది, పక్కన సాయిబుగారు, కుర్చీలో మేస్త్రీ. ఈవిడది బద్ధకం కాదు, నాటకం కాదు, రక్తం తక్కువ అని చెప్పాను. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుందని చెప్పాను. అవి ఒంటికి పట్టకుండా చేసింది నా తెలివితక్కువ పథకమని చెప్పాను. సరైన పద్ధతిలో వేసుకుంటే రెండు మూడు నెలల్లో ఆ చెయ్యి మళ్లీ వస్తుంది, అందాకా ఆ చోటు ఆవిడకే ఉంచమని మేస్త్రీని అడిగాను.

ఆయన ఒప్పుకోలేదు. "మీరు చెప్పింది నిజమేనండి, కాదన్లేదు. కానీ మేడం గారూ, పనిలో నిద్రపోయే మనిషిని నేనెలా..." అంటూ ఆగాడు. ఇంకేదో అంటాడని అందరం చూస్తున్నాం. ఆయన గడ్డం మెల్లగా ఛాతీ మీదికి వాలింది. నోరు తెరుచుకుంది. గుర్రుమని ఒక గురక, తరువాత ఊపిరే లేనట్టు కాసేపు నిశ్శబ్దం, తరువాత ఉలిక్కిపడి "ఎలా ఉంచుకుంటానండి?" అని కళ్లు తెరిచాడు.

షెడ్డంతా గొల్లుమంది. రొయ్యలు నేలపాలయ్యాయి.

నేను నవ్వలేదు. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. "మేస్త్రీ గారూ, రాత్రిళ్లు ఎన్ని గంటలు పడుకుంటారండి?"

"తొమ్మిదండి. ఏం?"

"లేచేసరికి ఎలా ఉంటుందండి?"

ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "అసలు పడుకోనట్టే ఉంటుందండి."

"నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందండి మీకు. ఏలూరులో పరీక్ష చేస్తారు, నేను చీటీ రాయిస్తాను. కానీ ఒక్కమాట. పనిలో నిద్రపోయే మనిషి పనికిరాడంటే, ముందు ఆ కుర్చీ ఖాళీ చేయించాలండి. ఆపైన మొదటి బల్ల దాకా వద్దాం."

మళ్లీ గొల్లుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. మొదటి చోటులో నిలబడి రెండు చేతులూ బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఆయన నోటి వంకే చూస్తోంది. మేస్త్రీ లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"సరేనండి, మూడు నెలలు. ఐసు మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి" అన్నాడు.

అప్పుడు వదిలింది ఆవిడ బల్ల అంచును.

పద్ధతి మార్చాం. పొద్దున్న షెడ్డుకు రాగానే నిమ్మకాయ నీళ్లతో మాత్ర, ఆ పులుపుకు ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ మాత్రం పదింటికే, పాత వేళకే. సాయిబుగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నలభై ఏళ్లుగా కాస్తున్నానండి, నా టీ తాగి ఎవరూ చెడిపోలేదండి" అని బాధపడ్డారు. టీ తప్పు కాదు, వేళ తప్పు అని బతిమాలాక శాంతించి, ఆయనే పొద్దున్నే నిమ్మకాయ నీళ్లు కలిపి పెట్టడం మొదలెట్టారు. నోళ్లు తెరిపించి చూసే అధికారం మాత్రం వదులుకోలేదు.

ఏలూరు మీటింగులో నా అంతట నేనే లేచి చెప్పాను. ఈసారి పాత నేత చీరే కట్టుకున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆఫీసరు గారు గ్లాసెడు నీళ్లు తాగి, "ఆ ఫోటో తీసేయండి" అన్నారు. కామవరపుకోట ఆవిడకు నేనే ఫోన్ చేసి కాఫీ కూడా వద్దని చెప్పాను.

నెల తిరిగేసరికి మొదటి కబురు వచ్చింది. అది రక్తపరీక్షలో రాలేదు. ఒకరోజు మేస్త్రీ నన్ను పిలిచి, "మేడం గారూ, ఐసు మిగులుతోందండి" అన్నాడు. ఆవిడను అడిగితే నవ్వింది. "ఏమోనండి, నిన్న ముక్క నోట్లో పెట్టుకుంటే పళ్లు జివ్వుమన్నాయండి. ఛీ, ఇదెలా తిన్నానా అనిపించిందండి." మూడో నెలకు పదిన్నర. మెట్లు ఆగకుండా ఎక్కింది, దిగింది, నాకు చూపించడానికి మళ్లీ ఎక్కింది. పెద్ద లోడ్లు వచ్చినప్పుడు మొదటి బల్ల మొదటి చోటు ఆవిడదే. మేస్త్రీ కూడా ఏలూరులో పరీక్ష చేయించుకుని, ఊపిరి ఆగకుండా గాలి ఊదే మిషను గొట్టం రాత్రి ముక్కుకు పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కుర్చీలో మెలకువగానే ఉంటున్నాడని ఆడవాళ్లు నన్ను తిట్టుకున్నారు.

ఆ పదిన్నర చూసిన రోజునే, సంతోషంగా నా సామాను సర్దుకుంటుంటే, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మేడం గారూ, మీదెంతండి?"

"నాదేంటమ్మా?"

"రక్తమండి. ఆ పెట్టెల వెనకాల కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే నిద్రపోయారు కదండి. బస్సులో కూడా పడుకుంటారంట. కండక్టరు చెప్పాడండి."

వయసమ్మా, అలవాటమ్మా అని తప్పించుకోబోయాను. వినలేదు. ఆవిడే నన్ను ఆటోలో పీహెచ్‌సీకి లాక్కెళ్లింది. ల్యాబ్ ఆయన జన్మలో అంత ఆనందంగా ఎవరి వేలూ గుచ్చి ఉండడు. నా అంకె చూసి తనలో తను చదువుకున్నాడు, తరువాత పైకి చదివాడు, తరువాత డాక్టరమ్మకు వినపడేలా చదివాడు. ఎనిమిది పాయింట్ రెండు. ఊరందరి కంటి రెప్పలూ లాగి చూసినదాన్ని, ముప్పై ఏళ్లలో ఒక్కసారి అద్దంలో నాది లాగి చూసుకోలేదు. ఈ వయసులో రక్తం తగ్గితే ఊరికే వదలకూడదని డాక్టరమ్మ ఏలూరు పంపి కడుపంతా పరీక్ష చేయించింది. చిన్న పుండు దొరికింది, దానికి మందులిచ్చారు. దానికి తోడు భోజనానికి ముందూ వెనకా పడి, తిండిలో ఇనుమును ఒంటికి పట్టనివ్వని నా ఏడెనిమిది టీలు.

ఎర్ర మాత్రలు నాకూ రాశారు. రాసిన మరునాడు పొద్దున్నే షెడ్డు మీదుగా వెళ్తుంటే ఆవిడ దారికి అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో నిమ్మకాయ నీళ్లు, ఒక చేతిలో తన ఫోను. వెనకాల నలభైమంది, సాయిబుగారు, మేస్త్రీ.

"వేసుకుంటానమ్మా, ఇంటికెళ్లి వేసుకుంటా" అన్నాను.

"ఇంటికెళ్లి ఎక్కడ పెడతారో తెలుసండి. దేవుడి గూట్లోనాండి, దిండు కిందాండి?" అంది. "ఇక్కడే మింగండి. ఊఁ. ఇప్పుడు నోరు తెరవండి. ఇంకా పెద్దగా అండి. నాలుక పైకెత్తండి."

నిమ్మకాయ నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకునే నాలుక ఎత్తాను. ఫోటో తీసింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఉద్యోగంలో నేను తీసిన ఫోటోలు వేలల్లో ఉంటాయి, నన్ను తీసింది ఈ ఒక్కటే. కళ్లు మూసుకుని, నోరు ఇంత తెరిచి, నాలుక పైకెత్తి నిలబడి ఉంటాను. ఇంటికి వచ్చిన కొత్త అమ్మాయిలకు అదే చూపిస్తాను. వాళ్లు నా నాలుక చూసి నవ్వుతారు. నేను రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి, ముందు చేతిలో ఏముందో చూడండమ్మా అంటాను.